గల్లా, బీరువా, అమావాస్య: వనస్థలిపురం కర్రీ పాయింట్ ఇంట్లో పద్నాలుగు నెలల కేస్ స్టడీ

నేను రాయదుర్గంలో ఒక కంపెనీ సెక్యూరిటీ ఆపరేషన్స్ టీమ్‌లో పనిచేస్తాను. ఎవరి అకౌంట్లోకి ఎవరు చొరబడుతున్నారో షిఫ్టుల్లో కూర్చుని చూడటం మా పని. ఆదివారాలు తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఫోన్లు సరిచేసి వస్తుంటాను, డబ్బులు తీసుకోను. ఫోన్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న ఈ ఒక్క ఇంటి సంగతి వివరంగా రాయడానికి కారణం ఉంది. మొదటి రెండు నెలలు నేను చేసినదంతా మా ఆఫీసుల్లో అందరూ చేసేదే, అది మొత్తం కూలిపోయింది. తర్వాత నిలబడిన అలవాట్లలో సగానికి పైగా ఆ ఇంటివాళ్లు తమ పద్ధతిలో కనిపెట్టుకున్నవి. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

అన్న, వదిన కలిసి వనస్థలిపురంలో కర్రీ పాయింట్ నడుపుతారు. ఉదయం ఆరింటికి షట్టర్ లేస్తుంది, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా, మళ్లీ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉండదు. ఇంట్లో అన్న వాళ్లమ్మ (నేను పెద్దమ్మ అంటాను), బీటెక్ రెండో ఏడాది చదివే అమ్మాయి, ఇంటర్ అబ్బాయి. అయిదుగురికి కలిపి ఆరు ఫోన్లు.

ఆ ఆదివారం

మధ్యాహ్నం ఒంటిగంటకు, చికెన్ కూర కోసం లైన్ రోడ్డు దాకా ఉన్నప్పుడు, రోజూ వచ్చే కస్టమర్ ఒకాయన నంబరు నుంచి అన్న వాట్సాప్‌కు ఒక ఫైల్ వచ్చింది. బండికి చలాన్ పడింది, చూసుకోండి అని. అన్నకు నెల కిందటే ఎల్బీ నగర్ దగ్గర హెల్మెట్ లేదని నిజంగానే చలాన్ పడింది కాబట్టి అనుమానం రాలేదు. కుడిచేతిలో గరిటె, ఎడమ చేతి బొటనవేలితో నొక్కాడు. ఇన్‌స్టాల్ చేయమంటారా అంటే సరే, మెసేజ్‌లు చూడనిస్తారా అంటే సరే. ఏమీ తెరుచుకోలేదు, ఫోన్ పక్కన పెట్టేసి మళ్లీ కూరలో పడ్డాడు.

ఆ ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంది. ఏపీకే అంటే ఫోటో కాదు, కాగితం కాదు, ఆండ్రాయిడ్‌లో నడిచే యాప్. దానికి మెసేజ్‌ల అనుమతి ఇచ్చాక ఫోన్‌కు వచ్చే ప్రతి ఓటీపీ అవతలివాడికి కూడా చేరుతుంది, మన సిమ్ నుంచి మనకు తెలియకుండా మెసేజ్ పంపించుకోగలుగుతాడు కూడా. యూపీఐ మన నంబరును గుర్తుపట్టేది మన సిమ్ నుంచి వెళ్లే మెసేజ్‌తోనే. అంటే అన్న ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, పిన్ ఎవరికీ చెప్పలేదు, ఎవరితో మాట్లాడనే లేదు. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అనే హెచ్చరిక ఆయనకు కంఠతా వచ్చు, ఆ రోజు అది ఎందుకూ పనికిరాలేదు. చలాన్ ఉందో లేదో పోలీసుల ఈ-చలాన్ సైట్లో బండి నంబరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు, పోలీసులు వాట్సాప్‌లో యాప్ పంపరు.

మూడు సార్లుగా 38,400 పోయాయి. ఆ పైన అదే ఫైల్ అన్న నంబరు నుంచి క్యాటరింగ్ కస్టమర్లందరికీ వెళ్లింది. డబ్బు పోయినదానికంటే దానికే అన్న ఎక్కువ కుంగిపోయాడు, ఎందుకంటే పదకొండేళ్లుగా ఆయన పేరు చూసి ఆర్డర్లిచ్చేవాళ్లు వాళ్లు.

అమ్మాయి గట్టిది. యాభై నిమిషాల్లోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది. ఇక్కడ ఒక విషయం అందరూ తెలుసుకోవాలి. 1930కి చేసినప్పుడు ఏడుస్తూ కథ చెప్పడం కంటే బ్యాంకు పేరు, డబ్బు వెళ్లిన టైమ్, మొత్తం, ట్రాన్సాక్షన్ నంబరు చేతిలో పెట్టుకుని చెబితే పని వేగంగా అవుతుంది. ఎందుకంటే ఆ వివరాలతోనే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్లి, అక్కడ ఇంకా మిగిలి ఉన్నంత మేరకు ఆపుతారు. దొంగలు ఆ డబ్బును ఎవరెవరివో అద్దె అకౌంట్లలోకి ఒకదాన్నుంచి ఒకదానికి నిమిషాల మీద దాటిస్తారు, మనం అరగంట ఆలస్యం చేస్తే రెండు మెట్లు దిగిపోతుంది. అన్న కేసులో 21,000 ఆగాయి. అవి చేతికి రావడానికి నెలలు పట్టింది, తెలంగాణలో 2024 నుంచి ఇలా ఆగిన డబ్బును లోక్ అదాలత్ ద్వారా తిరిగి ఇప్పిస్తున్నారు, అలాగే వచ్చాయి. మిగతావి రాలేదు.

రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్‌లో ఒక మాట ఉంది, అది చాలామందికి తెలియదు. తప్పు బ్యాంకుదీ కాక, కస్టమర్‌దీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మూడు పనిదినాల్లో చెబితే కస్టమర్‌కు నష్టం ఉండదు. కస్టమర్ అజాగ్రత్త వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనది, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. అంటే ఏ వైపు నుంచి చూసినా చెప్పడంలో ఆలస్యం మనకే నష్టం. సిగ్గుపడి దాచుకునేవాళ్లు ఎంతోమంది నాకు ఎదురయ్యారు, ఆ సిగ్గు చాలా ఖరీదైంది.

మొదటిసారి నేను చేసిన తప్పు

ఆ మరుసటి ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లాను. ఇరవై మూడు అంశాల లిస్టు. నాలుగు గంటలు కూర్చుని అందరి పాస్‌వర్డులూ మార్చేశాను, పాస్‌వర్డులన్నీ దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టాను, ప్రతి అకౌంట్‌కూ రెండో మెట్టు తాళం (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ కూడా అడిగేది), దానికి కోడ్లు ఇచ్చే యాప్, సిమ్‌లకు పిన్, ఫోన్లన్నిటికీ వేలిముద్ర. వదిన టీ ఇస్తూ "ఇగ మాకు టెన్షన్ లేదు తమ్ముడూ" అంది. నేనూ అదే అనుకున్నాను.

ఆరు వారాల తర్వాత వెళ్లి చూస్తే ఏమీ మిగల్లేదు.

వేలిముద్ర సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది నాకు ఎప్పటికీ గుర్తుండే పాఠం. కర్రీ పాయింట్‌లో చేతులు పొద్దంతా నూనె, పసుపు, నీళ్లు. వేళ్ల చర్మం వేడికి గట్టిపడి ఉంటుంది. వేలిముద్ర పదిసార్లకు ఒకసారి పడుతుంది. లైన్లో జనం ఉన్నప్పుడు డబ్బు పడిందో లేదో చూడాలంటే ఫోన్ తెరుచుకోదు. వారం ఓపిక పట్టి అన్న స్క్రీన్ లాకే తీసేశాడు. ముందు కనీసం నాలుగు అంకెల లాక్ ఉండేది, నా సాయం వల్ల అదీ పోయింది.

కోడ్లిచ్చే యాప్ వదిన ఫోన్లో ఉండేది, ఆ ఫోన్ గంజి గిన్నెలో పడింది. అమ్మాయి జీమెయిల్ తొమ్మిది రోజులు తెరుచుకోలేదు, కాలేజీ ఇంటర్న్‌షిప్ మెయిల్ ఒకటి ఆ తొమ్మిది రోజుల్లోనే వచ్చి పోయింది. సిమ్ పిన్ అన్న మూడుసార్లు తప్పు కొట్టాడు, సిమ్ లాక్ అయి, లాక్ తీసే ఎనిమిది అంకెల పీయూకే కోడ్ కావాలని అడిగింది, దానికోసం స్టోర్ చుట్టూ తిరగడంలో ఒక పూట ఫోన్ ఆర్డర్లు పోయాయి. పాస్‌వర్డ్ మేనేజర్ అసలు తాళం గోడ మీద క్యాలెండర్ వెనక రాసి ఉంది. అబ్బాయి గేమ్‌లోకి వెళ్లడానికి అడ్డమని మొత్తం తీసేశాడు.

వాళ్లలో ఒక్కరు కూడా బద్ధకంతో చేయలేదు. ఒక్కో తాళం వాళ్ల రోజు పనికి అడ్డం పడింది, పనికి అడ్డం పడినదాన్ని పక్కకు నెట్టారు. డబ్బు పోయిన భయం రెండు మూడు వారాలు మనిషిని పట్టుకుని ఉంటుంది. ఆ భయం ఉన్నప్పుడు ఏం చెప్పినా తలూపుతారు, ఆ ఊపు చూసి మనం మోసపోతాం. భయం తగ్గాక మిగిలేది రోజూ చేసే పనుల వరస ఒక్కటే. అలవాటు ఆ వరసలో ఎక్కడో ఒక చోట ఇమిడితేనే ఉంటుంది, లేకపోతే పోతుంది.

గల్లా, బీరువా

రెండోసారి ల్యాప్‌టాప్ తీసుకెళ్లలేదు. ఒక శనివారం ఉదయం ఆరింటికి వెళ్లి షట్టర్ తీసిన దగ్గర్నుంచి మూసేదాకా ఒక మూల కూర్చున్నాను. ఎవరు ఏ ఫోన్ ఎప్పుడు ముట్టుకుంటున్నారు, ఏ చేత్తో, ఎందుకు, రాసుకున్నాను. ఈ పని మొదటిరోజే చేసి ఉండాల్సింది.

మధ్యాహ్నం లైన్ తగ్గాక వదిన గల్లా పెట్టెలో నోట్లు లెక్కపెట్టి, రెండు వేలకు సరిపడా చిల్లర ఉంచి, మిగతాది చీరకొంగులో కట్టుకుని ఇంట్లో బీరువాలో పెట్టి వచ్చింది. ఎందుకలా అంటే "గల్లాల మొత్తం ఎవరన్న పెడతరా తమ్ముడూ, పదిమంది తిరిగే జాగ" అంది. మరి ఫోన్‌లో యూపీఐకి ఏ అకౌంట్ కలిపారు అంటే, ఇంటి పొదుపు మొత్తం ఉన్న అకౌంటే. ఆమె ఒక నిమిషం నా ముఖం చూసి, "అయ్యో, మొత్తం గల్లాలనే పెట్టినమా" అంది. ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ వారంలోనే కొత్త అకౌంట్ తెరిచారు, క్యూఆర్‌కూ యూపీఐకీ అదొక్కటే. రాత్రి గల్లా లెక్క చూసేటప్పుడు ఫోన్ గల్లా కూడా చూసి, రేపటి సరుకులకు కావలసింది ఉంచి మిగతాది పాత అకౌంట్‌కు పంపుతారు. పాత అకౌంట్‌కు యూపీఐ లేదు. మెసేజ్‌లు చూడగలిగినవాడు పాత అకౌంట్ మీద కొత్తగా యూపీఐ తెరవకుండా దాని రిజిస్టర్డ్ నంబరు కూడా మార్పించాం. ఆ సిమ్ ఒక మామూలు బటన్ ఫోన్‌లో ఉంటుంది, ఆ ఫోన్ బీరువాలో ఉంటుంది. కార్డుకు ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం ఆపేశాం, కార్డుల్లో ఇవి ఎప్పుడంటే అప్పుడు ఆన్, ఆఫ్ చేసుకునే సౌకర్యం 2020 అక్టోబర్ నుంచి ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందే. ఇది నిజానికి అలవాటు కూడా కాదు, ఒకసారి చేసి వదిలేసే ఏర్పాటు. నా అనుభవంలో ఇలాంటి ఏర్పాటు ఒకటి పది జాగ్రత్తలతో సమానం, ఎందుకంటే మనిషి అలసిపోయి ఉన్నప్పుడు, జ్వరంగా ఉన్నప్పుడు కూడా ఇది పనిచేస్తుంది.

కౌంటర్ ఫోన్ వేరు చేశాం. అమ్మాయి పాత ఫోన్ ఒకటి ఫ్యాక్టరీ రీసెట్ చేసి కౌంటర్‌లో పెట్టాం, అందులో డబ్బు పడింది చూసుకునే యాప్ తప్ప బ్యాంకు యాప్ లేదు, వాట్సాప్ లేదు. పనిచేసే కుర్రాడు చూసినా ఫరవాలేదు. ఇక అన్న సొంత ఫోన్ జేబులో ఉంటుంది, దానికి ఆరంకెల పిన్, నూనె చేత్తో అయినా కొట్టొచ్చు. అంతేకాక వాట్సాప్‌కూ బ్రౌజర్‌కూ బయటి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి తీసేశాం. ఏపీకే నొక్కినా ఇప్పుడు ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి మార్చమని అడ్డం చెబుతుంది. ఆ ఒక్క అడ్డం ఆ ఆదివారం ఉండి ఉంటే గరిటె చేతిలో ఉన్న మనిషి అక్కడే ఆగిపోయేవాడు.

దీపం పెట్టాక ఒక్క రూపాయి

అలవాట్లు మూడే పెట్టుకుందాం అన్నాను, ఒకటి కుదిరాకే ఇంకోటి.

మొదటిది వదినది. షట్టర్ తీశాక దేవుడి పటానికి దీపం, అగరబత్తి. ఆ అగ్గిపెట్టె కింద పెట్టగానే కౌంటర్ మీది క్యూఆర్‌ను తన ఫోన్‌తో స్కాన్ చేసి ఒక రూపాయి పంపడం, పేరు తమదే వచ్చిందా, సౌండ్ బాక్స్ పలికిందా చూడటం. రాత్రిపూట వచ్చి దుకాణం క్యూఆర్ మీద తమ క్యూఆర్ అంటించి పోయే దొంగలు ఉంటారు, పొద్దంతా మన కూరకు డబ్బులు వాళ్లకు పడతాయి. మూడు వారాల్లో ఆమెకు ఇది చేయి అలవాటైపోయింది, మర్చిపోతే దీపం పెట్టనట్టే అనిపిస్తోంది అంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం చేసిన అధ్యయనంలో ఒక అలవాటు దానంతటది జరిగిపోయే దశకు రావడానికి సగటున 66 రోజులు పట్టిందని తేలింది, కానీ కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులని అంచనా వేశారు. మా కేసులో కూడా అంతే తేడా కనిపించింది. వదినకు మూడు వారాలు పట్టింది, అన్నకు ఆయన అలవాటు అయిదు నెలలు పట్టింది. ఇరవై ఒక్క రోజుల్లో అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఇరవై రెండో రోజు మర్చిపోయినవాళ్లు తమవల్ల కాదని వదిలేస్తారు.

అన్నది నెలకోసారి చేసే పని. ఏ తారీఖు పెట్టినా మర్చిపోయేవాడు, ఫోన్‌లో అలారం పెడితే ఆపేసేవాడు. మూడో నెల ఆయనే అన్నాడు, "అమావాస్యకు గుమ్మడికాయ కడతా కదా, నిమ్మకాయ, మిరపకాయలు మారుస్తా కదా, అప్పుడే చేస్తా" అని. ఇంతకంటే మంచి ముడి నేను వెయ్యి కేసులు చూసినా వేయలేకపోయేవాణ్ని. అమావాస్య రోజు దుకాణానికి దిష్టి తీయడం ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు. ఇప్పుడు గుమ్మడికాయ కట్టి, చేతులు కడుక్కుని, స్టూల్ మీద కూర్చుని నాలుగు చూస్తాడు: ఫోన్ అప్‌డేట్ ఏదైనా వచ్చిందా, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ ఏదైనా ఉందా, కొత్త యాప్ ఏదైనా చేరిందా, మెసేజ్‌ల అనుమతి ఏ యాప్‌కు ఉంది. పది నిమిషాల పని. రెండు మూడు నెలలకోసారి కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో తన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా చూస్తాడు. మొదటిసారి చూసినప్పుడు ఆయనవి కానివి రెండు కనిపించాయి, ఎప్పుడో ఎక్కడో ఇచ్చిన ఆధార్ జిరాక్సుల పుణ్యం కావచ్చు. అక్కడే అవి నావి కావని రిపోర్ట్ చేశాడు.

మూడోది అందరిదీ, ఒక మాట. డబ్బు, పోలీసు, కొరియర్, కరెంటు, కేవైసీ, ఈ అయిదింటిలో ఏది వినపడినా "ఇంట్లో అడిగి చెప్తా" అని పెట్టేయడం. నిజమా అబద్ధమా అని అక్కడ తేల్చుకోవద్దు. ఫోన్‌లో అవతలివాడు రోజుకు వందమందితో మాట్లాడే ఆరితేరినవాడు, వాదనలో మనం గెలవం. ఆ మాట ముందే నోటికి వచ్చి ఉండాలి, అప్పటికప్పుడు ఆలోచించుకునేది కాకూడదు.

పాస్‌వర్డులు, పెద్దమ్మ పెట్టె

పాస్‌వర్డులకు ఎక్కువ చోటు ఇవ్వను. గుర్తుపెట్టుకోవాల్సినవి మనిషికి మూడే అన్నాను: ఫోన్ పిన్, యూపీఐ పిన్, జీమెయిల్. మిగతావన్నీ ఫోన్‌లోని గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ చూసుకుంటుంది, వాటిని తెలుసుకోనక్కర్లేదు. జీమెయిల్‌కు మాత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది, మూడు నెలలకోసారి బలవంతంగా మార్పించడం వల్ల లాభం లేదు, పొడవు ముఖ్యమని. ఇప్పటికీ చాలాచోట్ల తొంభై రోజులకోసారి మార్పిస్తూనే ఉన్నారు, జనం చివర ఒక అంకె పెంచుకుంటూ పోతూనే ఉన్నారు.

జీమెయిల్ రెండో మెట్టు తాళానికి గూగుల్ పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది. వాటిని కాగితం మీద రాసి పెద్దమ్మ ట్రంకు పెట్టెలో, ఇంటి కాగితాల కింద పెట్టాం. తాళంచెవి ఆమె మెడలో దారానికి ఉంటుంది. మా వృత్తిలోవాళ్లు కాగితం అంటే ముఖం చిట్లిస్తారు. ఈ ఇంటికి ముప్పు ఎక్కడో కూర్చున్న దొంగ నుంచి, వాడు పెద్దమ్మ ట్రంకు పెట్టె దాకా రాలేడు. క్యాలెండర్ వెనక రాయడం తప్పు, ఎందుకంటే అది పదిమంది తిరిగే జాగ.

అన్నదీ వదినదీ ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేశాం, వేలిముద్ర నకలుతో డబ్బు తీసే మోసాలకు అది అడ్డుకట్ట. పెద్దమ్మది చేయలేదు. ఆమె పింఛను వేలిముద్ర పెట్టే తీసుకోవాలి, ప్రతిసారీ లాక్ తీసి మళ్లీ వేయడం ఆ ఇంట్లో జరిగే పని కాదు. దానికి బదులు ఆమె అకౌంట్లో పింఛను పడిన వారంలోనే తీసేస్తారు.

నేను ఆపేసిన పరీక్ష

నాలుగో నెలలో, ముందే చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే, తెలియని నంబర్ల నుంచి దొంగ ఫోన్లు చేయించి చూశాం. అమ్మాయి, అబ్బాయి బాగా దాటారు. పెద్దమ్మకు మా టీమ్ కుర్రాడితో కొరియర్‌లో మత్తుమందు దొరికిందని చేయించాను. ఆమె "ఇంట్లో అడిగి చెప్తా" అనలేదు. మాటే రాలేదు. వణికిపోతూ మనవడి పేరు పిలిచింది, ఆ సాయంత్రం అన్నం తినలేదు. పరీక్ష అని చెప్పినా తేరుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒప్పుకున్నా సరే, వయసు మీద పడినవాళ్ల మీద భయపెట్టే పరీక్షలు చేయకూడదు, ఇది నేను గట్టిగా చెబుతున్నాను. ఆ రోజు నుంచి ఎవరి మీదా చేయలేదు.

ఆమెకు వేరే దారి చూశాం. 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని డిజిటల్ అరెస్ట్ (పోలీసులమంటూ ఫోన్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే మోసం) గురించి మాట్లాడారు, చట్టంలో అలాంటిదేదీ లేదని. అమ్మాయి ఆ భాగం నానమ్మకు తెలుగులో చెప్పి వినిపించింది. ఇప్పుడు పెద్దమ్మ ఫోన్‌లో సేవ్ చేసిన నంబర్లు తప్ప మిగతావి మోగవు. ఇంకా, ఇంట్లోవాళ్ల గొంతుతో ఎవరైనా డబ్బు అడిగితే ఆమె ఒక ప్రశ్న అడుగుతుంది, దానికి జవాబు ఆ అయిదుగురికే తెలుసు. గొంతును నకలు చేసే రోజులివి, ముఖం చూసినా నమ్మలేం. ఆ ప్రశ్న పెట్టుకున్నది ఆమే, దాని వెనక ఆమె పుట్టింటి కథ ఒకటి ఉంది. ఆ కథ చెప్పడమంటే ఆమెకు ఇష్టం కాబట్టి ప్రశ్న మర్చిపోయే అవకాశమే లేదు.

ఎనిమిదో నెల

అసలు పరీక్ష ఒక సాయంత్రం ఏడున్నరకు వచ్చింది. వదినకు ఫోన్: కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, తొమ్మిదిన్నరకు కనెక్షన్ కట్ చేస్తాం. ఫ్రీజర్‌లో రేపటి పెళ్లి ఆర్డర్ చికెన్ నలభై కిలోలు ఉంది. కరెంటు పోతే ఏమవుతుందో ఆమెకు చెప్పక్కర్లేదు. ఆమె గొంతు వణికిందట, అయినా "ఇంట్లో అడిగి చెప్తా" అని పెట్టేసింది.

ఇక్కడిదాకా చెప్పి నేను సంతోషపడిపోవచ్చు. తర్వాత జరిగింది ఏమిటంటే, నిజం తెలుసుకోవాలని ఆమె గూగుల్‌లో కరెంటు ఆఫీసు కస్టమర్ కేర్ అని వెతికి, పైన కనిపించిన మొబైల్ నంబరుకు చేసింది. అది కూడా దొంగదే. వాడు స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమన్నాడు. పక్కనే ఉన్న అబ్బాయి "అమ్మా, యాప్ అంటుండు" అని ఫోన్ లాక్కున్నాడు. యాప్ అన్న మాట వాడికి ఆ ఆదివారం నుంచి మనసులో ముల్లులా ఉంది.

తప్పు నాది. పెట్టేయమని చెప్పాను, పెట్టేశాక ఎవరికి చేయాలో చెప్పలేదు. మరుసటి రోజు అమ్మాయి ఒక అట్టముక్క మీద మార్కర్‌తో పెద్దగా రాసింది: మోసం జరిగితే 1930, కరెంటుకు 1912, బ్యాంకుకు కార్డు వెనక ఉన్న నంబరు (అది చూసి రాసింది), గ్యాస్ బుక్కు మీద ఉన్న నంబరు, నా నంబరు. దాన్ని పోపుల డబ్బాలుండే అల్మరా తలుపు మీద అంటించారు, ప్లాస్టిక్ కవర్ వేసి, ఎందుకంటే పోపు చిందుతుంది. నంబరు కోసం గూగుల్‌లో వెతకడం ఆ ఇంట్లో ఇప్పుడు నిషేధం. "ఇంట్లో అడిగి చెప్తా" అన్నాక కళ్లు ఆ తలుపు మీదికి పోవాలి. ఈ రెండూ ఒకే అలవాటు అని నాకు అప్పుడు అర్థమైంది, సగం నేర్పి వదిలేశాను.

ఇప్పుడు

పద్నాలుగో నెల. రూపాయి స్కాన్ రోజూ జరుగుతోంది, వదిన ఊరెళితే కుర్రాడు చేస్తున్నాడు. ఫోన్ గల్లా ఖాళీ చేయడం వారానికి అయిదారు రోజులు జరుగుతోంది, పెళ్లిళ్ల సీజన్లో తప్పుతోంది. అప్పుడు రెండు మూడు రోజుల డబ్బు ఉండిపోతోంది, అది ముప్పు కాబట్టి యూపీఐ పరిమితి తగ్గించుకోమన్నాను, సరుకుల వాళ్లకు పెద్ద మొత్తాలు ఇవ్వాలి కుదరదన్నారు, నేను పట్టుబట్టలేదు. అమావాస్యలు పదకొండులో రెండు తప్పాయి. సిమ్ పిన్ అమ్మాయి ఒక్కతే పెట్టుకుంది. అబ్బాయి ఇప్పటికీ గేమ్ అకౌంట్‌కు ఇంకో స్నేహితుడితో కలిపి ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నాడు, అందులో డబ్బు లేదు, దానికోసం వాడితో గొడవపడితే మిగతావి కూడా వదిలేస్తాడని ఊరుకున్నాను.

పోయిన అమావాస్యకు అన్న ఫోన్ చేశాడు. అప్‌డేట్ చూస్తే, ఈ ఫోన్‌కు ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావని రాసి ఉందట. కొత్త ఫోన్ దసరా గిరాకీ అయ్యాక కొంటాడు. అప్పటిదాకా బ్యాంకు యాప్ ఆయన ఫోన్‌లోంచి తీసేసి వదిన ఫోన్‌లోకి మార్చాం, ఆయన కూరగాయల మార్కెట్‌కు నోట్లు తీసుకెళుతున్నాడు.